సి భాషలో డిక్లరేషన్ దగ్గర కంపైలర్ ఆగిపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: మెయిన్ ఫంక్షన్ మొదట్లో క్లియర్ స్క్రీన్ ఫంక్షన్‌ను పిలిచి, దాని కింది వరుసలో ‘ఇంట్ ఎ, బి;’ అని డిక్లరేషన్ (వేరియబుల్ పేరు, రకం ప్రకటించే వరుస) రాస్తే టర్బో సీ అనే పాత కంపైలర్ ఆ వరుస దగ్గరే సింటాక్స్ దోషం చూపి, ఆపై ఎ, బి అనే పేర్లే తనకు తెలియవంటుంది.

కారణం: 1989 నాటి సి భాషా ప్రమాణం ప్రకారం, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఉండే ప్రతి బ్లాకులోనూ డిక్లరేషన్లన్నీ ముందు రావాలి, స్టేట్‌మెంట్లు (పని చేయించే ఆదేశాలు) ఆ తర్వాతే రావాలి. ఫంక్షన్‌ను పిలవడం కూడా స్టేట్‌మెంటే కనుక, అది దాటాక డిక్లరేషన్‌కు చోటు లేదు.

పరిష్కారం: డిక్లరేషన్‌ను బ్లాకు మొదటికి జరపాలి, లేదా అవసరమైన చోటే కొత్తగా ఫ్లవర్ బ్రాకెట్ తెరిచి దాని మొదట్లో రాయాలి. పక్క సిస్టమ్‌లో అదే ప్రోగ్రామ్ నడుస్తోందంటే, ఆ ఫైలును చివర సీపీపీ అని సేవ్ చేశారేమో చూడండి. అప్పుడు టర్బో దాన్ని సి ప్లస్ ప్లస్‌గా కంపైల్ చేస్తుంది. మన ల్యాబుల్లో చాలామంది దీన్నే పరిష్కారంగా అలవాటు చేసుకుంటారు గానీ, అది భాషనే మార్చడమని గుర్తించాలి.

సమస్య: ‘ఫర్’ బ్రాకెట్‌లోనే ‘ఇంట్ ఐ = 0’ అని రాస్తే జీసీసీ అనే మరో సి కంపైలర్ పాత వెర్షన్ ఒప్పుకోదు.

ఈ వెసులుబాటు 1999 ప్రమాణంతో వచ్చింది. 2015లో వచ్చిన 5వ వెర్షన్‌కు ముందు జీసీసీ, ప్రత్యేకంగా చెప్పకపోతే, పాత ప్రమాణాన్నే పాటించేది కనుక, కంపైల్ చేసేటప్పుడు 1999 ప్రమాణాన్ని ఎంచుకునే సి99 ఆప్షన్ (-std=c99) ఇస్తే చాలు. అలా డిక్లేర్ చేసిన ‘ఐ’ లూప్ ముగియగానే పోతుంది. తర్వాత కూడా దాని విలువ కావాలంటే లూప్‌కు పైనే డిక్లేర్ చేయాలి.

సమస్య: ‘స్విచ్’ బ్రాకెట్ తెరిచి, మొదటి ‘కేస్’ కంటే ముందు ‘ఇంట్ ఎక్స్ = 5;’ అని రాస్తే దోషమేమీ రాదు, కానీ ప్రింట్ చేస్తే ఏదో చెత్త విలువ వస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే కంపైలర్ మౌనంగా ఉండిపోవచ్చు. నియంత్రణ నేరుగా సరిపోయే ‘కేస్’ దగ్గరికి దూకుతుంది కనుక, ‘ఎక్స్’ అనే పేరు చెల్లుతుంది గానీ అందులో 5 పెట్టే పని మాత్రం ఎప్పటికీ జరగదు. ఆ డిక్లరేషన్‌ను ‘స్విచ్’కు పైన రాయండి. వేరియబుల్ ఒక్క ‘కేస్’కే కావాలంటే, ఆ ‘కేస్’ కోలన్ తర్వాత ఫ్లవర్ బ్రాకెట్ తెరిచి అందులో డిక్లేర్ చేయండి. సి23 అనే కొత్త ప్రమాణానికి ముందు ప్రమాణాల్లో కోలన్ వెంటనే నేరుగా డిక్లరేషన్ రాయడం చెల్లదు.