ఎండలు ముదరకముందే: మొటిమల మందు వాడే పిల్లలున్న ఇంట్లో జాగ్రత్తలు

శివరాత్రి దాటిందంటే మా మెడికల్ షాపుకు ఒక రకం బేరం ఎక్కువవుతుంది. పన్నెండు పదమూడేండ్ల పిల్లనో పిల్లగాడినో వెంటేసుకొని తల్లి వస్తుంది. "అన్నా, మొఖం నిండ మొటిమలు లేస్తున్నయ్. జర మంచి క్రీము ఇయ్యి, వచ్చే నెల మా తమ్ముని పెండ్లుంది" అంటుంది. పక్కనున్న బిడ్డ తల ఎత్తదు. నల్లగొండలోనే కాదు, దేవరకొండ, మిర్యాలగూడ, అటు పాలమూరు, ఎక్కడి షాపులోనైనా ఇదే మాట వినిపిస్తుంది. చిక్కేమిటంటే, మొటిమలకు అసలైన మందు వచ్చే నెల పెండ్లికి అందదు. వచ్చే నెలకు అందే ట్యూబేమో ముఖాన్ని పాడుచేస్తుంది. నేను మందులమ్మేవాణ్ణి, రాసేవాణ్ణి కాదు. ఏ మందు రాయాలో డాక్టరు చూసుకుంటారు. ఆ మందు ఇంటికి వచ్చాక, అదీ మన ఎండల్లో, ఏం చేయాలో ఏం చేయకూడదో మాత్రం చెప్పగలను.

ముందుగా రోజులు లెక్కేసుకోండి. డాక్టర్లు మొదట రాసేవి ఎక్కువగా రెండు: అడాపలీన్ 0.1 శాతం జెల్, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్. తేడా కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి రెండు మూడు వారాలు చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది, కాస్త మండుతుంది, కొందరికి మొటిమలు ఎక్కువైనట్టు కూడా కనిపిస్తాయి. సరిగ్గా అప్పుడే చాలామంది మందు పడలేదని ఆపేస్తారు. కాబట్టి పదో తరగతి పరీక్షల వారంలోనో, పెండ్లికి పది రోజుల ముందో మొదలుపెట్టకండి. పరీక్షలయ్యాక మొదలుపెడితే బడి తెరిచేనాటికి ముఖం కుదుటపడుతుంది. గురుకులాల్లో, కస్తూర్బాల్లో చదివే పిల్లలకు ఏప్రిల్ చివర ఇంటికి వచ్చిన మొదటి వారమే మంచి సమయం. పొట్టు లేచే రోజులు హాస్టల్లో పదిమంది ముందు కాకుండా ఇంట్లోనే గడిచిపోతాయి.

మామిడిపండ్లు వేడి చేసి మొటిమలు వస్తాయన్న మాట మన దగ్గర గట్టిది. పండ్లు మానిపించి పిల్లల్ని ఏడిపించకండి. ఈడొచ్చే వయసులో హార్మోన్ల వల్ల చర్మం కింది నూనె గ్రంథులు ఎక్కువ పనిచేస్తాయి, రంధ్రాలు మూసుకుపోతాయి, లోపల సూక్ష్మక్రిములు పెరిగి వాపు వస్తుంది. ముఖం కడగకపోవడం వల్ల వచ్చే జబ్బు కాదిది. తీపి కూల్‌డ్రింకులు, బేకరీ తిండి కొందరికి మొటిమలు పెంచుతాయి కాబట్టి అవి తగ్గిస్తే మంచిదే. జిమ్ముకు పోయే పిల్లగాడు ప్రోటీన్ పౌడరు తాగుతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. అంతకుమించి కంచం మీద నింద అక్కర్లేదు. నీళ్ల మీద కూడా. ఫ్లోరైడ్ నీళ్లు మా జిల్లాలో దంతాలకు, ఎముకలకు చేసిన చేటు అందరికీ తెలుసు. మొటిమలను ఆ లెక్కలో వేయనక్కర్లేదు. ఉప్పు బోరు నీళ్లలో సబ్బు సరిగ్గా నురగ రాదు, చర్మం ఇంకా పొడిబారుతుంది, అంతవరకు నిజం. అందుకని సబ్బుతో మరింత రుద్దడం కాదు, తక్కువ ఘాటున్న ఫేస్‌వాష్‌తో పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కడిగితే చాలు. నడుమ చెమట పడితే ఉత్త నీళ్లతో కడిగి మెత్తటి బట్టతో అద్దాలి.

ఇక ఎక్కువ చెప్పాల్సింది ట్యూబుల గురించి. ఎండాకాలంలో తొడల్లో, నడుము దగ్గర తామర వచ్చే ఇళ్లు చాలా. ఆ ఇంట్లో ఒక క్రీము ట్యూబు ఎప్పుడూ ఉంటుంది, కిటికీలోనో టీవీ పక్కనో. నాన్న దురదకు తెచ్చింది, అమ్మ దోమ కుట్టినచోట పూస్తుంది, చివరికి పిల్ల మొటిమకు పూసుకుంటుంది. ఇలాంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్, అంటే ఎరుపును, వాపును అణిచే ఘాటైన మందు, ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గి ముఖం నున్నగా, కాస్త తెల్లగా కూడా కనిపిస్తుంది. ఊళ్లో ఆ ట్యూబుకు పేరొచ్చేది అందుకే. వారాలు గడిచేకొద్దీ చర్మం పల్చబడుతుంది, ఎర్రటి సన్నని రక్తనాళాలు పైకి తేలతాయి, ఎండలోకి పోతే భగభగ మండుతుంది, ఆడపిల్లల ముఖం మీద నూగు పెరుగుతుంది, మొటిమలు మునుపటికంటే గుంపుగా లేస్తాయి. ఆపితే ఎర్రబడి మంట పుడుతుంది కాబట్టి మళ్లీ అదే పూస్తారు.

ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి, చదవడం రాకపోతే పిల్లలతోనే చదివించండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. డాక్టరు ముఖం చూసి, ఇన్ని రోజులని రాసిస్తే తప్ప అది పిల్లల ముఖానికి తాకకూడదు. తెల్లబడే క్రీముల్లో కూడా హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌తో కలిపి మొమెటసోన్ వస్తుంది, చుట్టాలు ప్రేమతో తెచ్చిచ్చే ట్యూబు చాలాసార్లు అదే. 2018లోనే కేంద్ర ప్రభుత్వం ఈ పూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కట్టుబాటులోకి గట్టిగా తెచ్చింది. అయినా అడిగితే దొరుకుతాయి, మా వ్యాపారం సంగతి నాకు తెలియంది కాదు. షాపులో "మంచి క్రీము" అని అడగడం మానేస్తే సగం ప్రమాదం అక్కడే ఆగుతుంది. నెలల తరబడి ఇప్పటికే పూస్తున్నట్టయితే మీకు మీరే ఒక్కసారిగా ఆపి మంటను భరించమని పిల్లను కూర్చోబెట్టకండి. ఆ ట్యూబు పట్టుకొని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి పోండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి, చర్మవ్యాధుల ఓపీ ఎక్కడని చీటీ రాసేచోట అడిగితే చెబుతారు.

నిమ్మరసం, టూత్‌పేస్టు, వంటసోడా, వెల్లుల్లి రసం కూడా వద్దు. ఎండాకాలంలో నిమ్మరసం పూసుకొని బయటికి పోతే బొబ్బలెక్కి నల్లమచ్చ పడుతుంది.

జెల్ పూసే తీరు. రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, ఇరవై నిమిషాలు ఆగి, అడాపలీన్ బఠానీ గింజంత తీసుకొని ముఖమంతా పల్చగా రాయాలి. మొటిమ మీద చుక్క పెడితే సరిపోదు, ఇంకా లేవని వాటిని ఆపడమే దాని పని. కండ్ల చుట్టూ, ముక్కు మూలల్లో, పెదవుల మీద పడకూడదు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, తర్వాత రోజూ అని చాలామంది డాక్టర్లు చెబుతారు. మండితే పైన మాయిశ్చరైజర్ రాయొచ్చు. ఎండాకాలంలో అది ఎందుకంటారు గానీ, చెమట వేరు, చర్మంలో ఉండాల్సిన తడి వేరు. రెండింతలు పూస్తే రెండింతలు తొందరగా తగ్గదు, తోలు లేస్తుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన బట్ట రంగు పోతుంది. దిండుకు పాత తెల్ల గలీబు వేయండి, పెండ్లికి కొన్న లంగావోణీ వేసుకునేటప్పుడు మెడ దగ్గర జెల్ లేకుండా చూసుకోండి. క్లిండమైసిన్ అనే యాంటీబయోటిక్ జెల్ ఒక్కటే నెలలకొద్దీ పూస్తే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి కాబట్టి దాన్ని బెంజాయిల్ పెరాక్సైడ్‌తో జోడించి రాస్తారు. చీటీలో రెండుంటే ఒకటే కొనుక్కొని పోకండి.

ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల ఇంట్లో, బండి డిక్కీలో, కిటికీ గట్టు మీద ట్యూబు ఉంచితే మందు చెడుతుంది. ట్యూబు మీద ఎంత వేడి లోపల ఉంచాలో రాసి ఉంటుంది, ఇంట్లో చల్లగా చీకటిగా ఉండే మూల వెతకండి. అడాపలీన్ వాడే చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. పొద్దున జెల్ రకం సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన, రంధ్రాలు మూసేయనిదని రాసి ఉన్నది కొనండి. ఎండన తిరిగే పిల్లలు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. టోపీ, స్కార్ఫ్ మంచివే, రోజూ ఉతికితేనే. నిన్నటి చెమట స్కార్ఫ్ ఇవాళ చెంపలకు చుట్టుకుంటే గడ్డం కింద కొత్తవి లేస్తాయి. పిల్లగాండ్లు సెలవుల్లో బావిలో ఈతకు, కాలువకు పోకుండా ఉండరు. మిట్టమధ్యాహ్నం కాకుండా పొద్దునో సాయంత్రమో పొమ్మనండి, ఒడ్డెక్కినాక మళ్లీ సన్‌స్క్రీన్.

తలకు నూనె పెట్టడం మానమంటే అవ్వలకు కోపమొస్తుంది. మానక్కర్లేదు. తలస్నానానికి గంట ముందు పెట్టి కడిగేస్తే చాలు. రాత్రంతా ఉంచితే ఆ నూనె చెమటతో కలిసి నుదుటికి దిగుతుంది, నుదుటి మీద సన్నగా గుంపుగా లేచేవి చాలావరకు అవే. నుదుటిమీది జుట్టు పైకి దువ్వుకోమనండి.

పెండ్లిండ్ల కాలం కాబట్టి ఇంకొకటి. జెల్ వాడే ముఖానికి బ్లీచు, ఆవిరి ఫేషియల్, వ్యాక్సింగు చేయించకండి. నలుగు పెట్టేవాళ్లకు కూడా ముందే చెప్పాలి, గట్టిగా రుద్దితే పొట్టు లేచినచోట చర్మం గీసుకుపోతుంది. ఆనవాయితీకి చేతులకు, కాళ్లకు పెట్టి ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టరు.

మాత్రల దగ్గర మరింత కచ్చితంగా ఉండాలి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ రాస్తే నిండు గ్లాసు నీళ్లతో వేసుకొని కనీసం అరగంట పడుకోకూడదు, లేకపోతే గొంతు కింద అంటుకొని పుండు పడుతుంది. ఈ మందు వాడేటప్పుడు కూడా ఎండ తొందరగా కాలుస్తుంది. పాలతో వేసుకోకూడదు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర కూడా దీనితో కలిస్తే పనిచేయనివ్వదు, రెంటికీ మధ్య ఎన్ని గంటల ఎడం కావాలో డాక్టరునే అడగండి. బాగైందని పది రోజులకు మానేయడం, ఆ మిగిలినవి తమ్మునికి ఇవ్వడం వద్దు. ఐసోట్రెటినాయిన్ అనేది ఇంకా పెద్ద మందు. పెద్ద గడ్డలు, గుంటలు పడే మొటిమలకు, పన్నెండేండ్లు దాటినవాళ్లకు, రక్తపరీక్షలు చేయించి రాస్తారు. పెదవులు బాగా ఎండుతాయి. గర్భిణి వేసుకుంటే కడుపులో బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. అందుకే "నాకూ మొటిమలున్నయ్" అని కొత్తగా పెండ్లయిన అక్కో వదినో ఆ డబ్బాలోంచి ఒక్కటి కూడా తీసుకోకుండా బీరువాలో తాళం వేయండి.

ముఖం మందుతో తేరుకుంటుంది, మాటతో కాదు. సెలవుల్లో ఇంటికి చుట్టాలొస్తారు, మొదటి పలకరింపే "గిదేంది బిడ్డా, మొఖం గిట్లయింది?" అని. ప్రేమే, కాదనను. అదే మాట రోజుకు నలుగురు అంటే పిల్ల గదిలోంచి బయటికి రాదు, ఫోటోలో నిలబడదు. చుట్టాలొచ్చేముందే అత్తకో పెద్దమ్మకో ఫోన్ చేసి "ముఖం ఊసెత్తకండి, మందు నడుస్తున్నది" అని చెప్పండి. మీరూ రోజూ గడ్డం పట్టుకొని వెలుతురులో చూడకండి. నెలకోసారి, అదే కిటికీ దగ్గర, పిల్ల ఒప్పుకుంటేనే, ఒక ఫోటో తీసుకుంటే తేడా దానంతటదే తెలుస్తుంది. మొటిమ మానినచోట మిగిలే నల్లమచ్చ మొటిమ కాదు. మన రంగు చర్మానికి అది పోవడానికి నెలలు పడుతుంది, దాన్ని చూసి మందు మార్చనక్కర్లేదు. గిల్లడం మాత్రం ఆపించాలి, తిట్టి కాదు, గోర్లు కత్తిరించి.

పన్నెండు వారాలకూ మార్పు లేకపోతే, నొప్పితో గడ్డలు కడితే, గుంటలు పడుతుంటే, వీపు ఛాతీ నిండా వస్తే ఆలస్యం చేయకుండా మళ్లీ చూపించండి. ఆడపిల్ల పెద్దమనిషై రెండేండ్లు దాటినా నెలసరి చాలా తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే ఆ సంగతి సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి. ఏడెనిమిదేండ్ల పిల్లకు మొటిమలొస్తే అదీ చూపించాల్సిందే. ఒక్కసారిగా జ్వరంతో ఒంటినిండా నీటిపొక్కులు లేస్తే అది మొటిమ కాదు, ఆటలమ్మ కావచ్చు. పిల్ల తిండి మానేసి, బడికి పోనని, బతకబుద్ధి కావట్లేదని అంటే నవ్వులాటకు తీసుకోకండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. ఐసోట్రెటినాయిన్ వాడుతూ ఇలా మాట్లాడితే అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

జూన్‌లో హాస్టలుకు పంపేటప్పుడు పెట్టెలో ట్యూబు, సన్‌స్క్రీన్, రెండు సొంత తువ్వాళ్లు, నాలుగు గలీబులు, డాక్టరు చీటీ జిరాక్సు పెట్టండి. మాత్రలుంటే వార్డెన్ మేడం చేతికిచ్చి ఏ పూట ఏదో కాగితం మీద రాసివ్వండి. ట్యూబు మీద పిల్ల పేరు రాసి, "ఎవరడిగినా ఇయ్యకు బిడ్డా, గిది నీ ఒక్కదానికే రాసిండ్రు" అని చెప్పి బస్సెక్కించండి.