కిడ్నీ రోగుల మతిమరుపును ఇంట్లో ఎలా పరీక్షించాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లలో రోగి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంతో అందరికీ నోటికి వచ్చు. మాట తడబడుతోందేమని అడిగితే మాత్రం "వయసు కదండీ" అని వదిలేస్తారు. వయసు ఒక్కటే కాదు. మూత్రపిండాల్లో దెబ్బతిన్నట్టే మెదడులోనూ సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. రక్తహీనత, ఒంట్లో పేరుకున్న మలినాలు దానికి తోడవుతాయి. చాలామందిలో ముందు తగ్గేది ఏకాగ్రత, ఆలోచనలో చురుకు.

నోటుపుస్తకం, పెన్ను, రోగి కళ్లజోడు చాలు. ఫోనులో రాయవద్దు, పుస్తకంలోనే రాయాలి.

పనస, గొడుగు, రైలు వంటి సంబంధం లేని మూడు మాటలు చెప్పి, తిరిగి అనిపించండి. గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపమనండి. తర్వాత ఆ మూడు మాటలు అడగండి. మాటకు ఒక మార్కు, సరైన గడియారానికి రెండు. మొత్తం అయిదు. మూడుకు తగ్గితే డాక్టరుకు చెప్పాలి. దీన్నే మినీ-కాగ్ అంటారు. చదువు రానివారికి గడియారం పెట్టకండి, మార్కులూ వేయకండి. వారాల పేర్లు వెనక నుంచి చెప్పించి, ఎక్కడ ఆగారో రాసుకోండి. తేదీ అడగడం నాకు నచ్చదు. ఇల్లు కదలని మనిషికి తేదీతో పనేమిటి?

అందరూ పాడుచేసేది వేళ దగ్గరే. డయాలసిస్ జరుగుతుండగాగానీ, ఇంటికి రాగానేగానీ అడగవద్దు. అప్పుడు రక్తపోటు పడిపోయి ఉండవచ్చు, మనిషి వడలిపోయి ఉంటాడు. మర్నాడు ఉదయం, టిఫిను తిన్నాక, టీవీ కట్టేసి అడగాలి. మళ్లీ పెట్టినప్పుడూ అదే వేళ ఉండాలి, మాటలు మాత్రం మార్చాలి. లేకపోతే రెండు ఫలితాలను పోల్చలేము.

రెండో తప్పు భాష. మా పిన్నిని ఒక ఆసుపత్రిలో ఒడియాలో ప్రశ్నలడిగి, జవాబు రాలేదని మతిమరుపు అని రాసేశారు. సంతలో బేరానికి సరిపడా ఒడియా ఆవిడకు వచ్చు, అంతే. మర్నాడు ఇంట్లో నేను తెలుగులో అడిగాను. "పనస... గొడుగు..." అని ఆగి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. వెనక నుంచి కోడలు "రైలు" అని పెదవులు కదిపింది. ఆ పరీక్ష పనికిరాకుండా పోయింది. ఇంట్లోవాళ్ల ప్రేమ ఇక్కడ రోగికి చేటు చేస్తుంది. అందించేవారిని బయటికి పంపండి, నిశ్శబ్దంగా ఆగండి.

పుస్తకంతోపాటు మందులన్నీ డాక్టరుకు చూపండి. నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటివి కిడ్నీలు పనిచేయనప్పుడు ఒంట్లో నిలిచిపోయి మత్తు, తికమక తెస్తాయి. మోతాదు డాక్టరే మార్చాలి, మీరు ఆపవద్దు.

ఉన్నట్టుండి మనుషులను పోల్చుకోలేకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా ఈ పుస్తకం పక్కన పెట్టండి. ఇన్సులిన్ వాడేవారైతే ముందు రక్తంలో చక్కెర చూడండి, కిడ్నీలు చెడినప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు పనిచేసి చక్కెర పడిపోవచ్చు. ఎవరికైనా సరే, వెంటనే ఆసుపత్రికి బండి కట్టించాలి.