రెడ్ వైన్ వంటలో తేడా వస్తే: సమస్య, కారణం, పరిష్కారం

సమస్య: వంట దించాక కూడా మద్యం ఘాటు ముక్కుకు కొడుతోంది

వైన్ చివర్లో పోసి ఉంటారు, లేదా పోసిన వెంటనే మూత పెట్టేసి ఉంటారు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి నీళ్లకంటే ముందే ఎగిరిపోతుందన్న లెక్క వినడానికి బాగుంటుంది. గిన్నెలో అలా జరగదు. నీళ్లలో కలిసిపోయాక అది నీళ్లతో పాటే మెల్లమెల్లగా ఆవిరవుతుంది.

అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక చూస్తే సంగతి తెలుస్తుంది. మరుగుతున్న సాస్‌లో పోసి వెంటనే దించేస్తే ఆల్కహాల్‌లో 85 శాతం అందులోనే ఉంటుంది. కలుపుతూ 15 నిమిషాలు ఉడికిస్తే 40 శాతం, అరగంటకు 35, గంటకు 25, రెండు గంటలకు 10, రెండున్నర గంటలకు 5 శాతం మిగులుతుంది. పైన మంట లేపి చూపించే ఫ్లాంబే ఉంది చూశారా, అందులో 75 శాతం మిగిలే ఉంటుంది. అది చూసేవాళ్ల కోసం చేసే వంట, అంతే.

ఏం చేయాలి? ఉల్లిపాయ, మాంసం వేగాక, స్టాక్ (ఎముకలో కూరగాయలో ఉడికించి వడకట్టిన నీళ్లు) పోయకముందే వైన్ పోయండి. గిన్నె వెడల్పుగా ఉండాలి, మూత ఉండకూడదు. సగానికి తగ్గేదాకా మరగనివ్వండి. మొదట్లో చిన్న చిన్న బుడగలతో నురగ కడుతుంది, గిన్నె మీదికి వంగితే ముక్కు చురుక్కుమంటుంది. కాసేపటికి బుడగలు పెద్దవై బద్ధకంగా లేస్తాయి, గరిటెతో గీత గీస్తే అడుగు ఒక్క క్షణం కనిపించి మూసుకుంటుంది. ఆ దశలో వాసన చూస్తే ద్రాక్షపండు తప్ప ఘాటు తగలదు. అయితే ముక్కు చెప్పేది రుచి సంగతే. ఆల్కహాల్ ఎంత పోయిందన్నది గడియారాన్ని అడగాలి. ప్రెషర్ కుక్కర్‌లో వండేవాళ్లు ఈ పనంతా మూత బిగించకముందే కానివ్వాలి, లోపలికెళ్లాక ఆవిరికి దారి ఉండదు.

సమస్య: ఇంట్లో అందరికీ పెట్టొచ్చా, లేదా తేలడం లేదు

"ఉడికిపోతే ఏముంటుందిలే" అనేవాళ్లూ, "చుక్క పడితే విషం" అనేవాళ్లూ ఇద్దరూ లెక్క వేయరు. వేసి చూద్దాం. ఒక కప్పు వైన్, అంటే 240 మిల్లీలీటర్లు, 13 శాతం బలం. అందులో ఆల్కహాల్ దాదాపు 25 గ్రాములు. పావుగంట ఉడికిస్తే గిన్నె మొత్తంలో 10 గ్రాములు మిగులుతుంది, చాలా దేశాల్లో ఒక డ్రింకు కింద లెక్కగట్టే మోతాదు అది. ఆరుగురికి వడ్డిస్తే తలా గ్రామున్నర పైచిలుకు. అదే గిన్నె రెండున్నర గంటలు ఉడికితే మొత్తానికే గ్రామూ పావు, తలా 0.2 గ్రాములు. బాగా మగ్గిన అరటిపండులో, బ్రెడ్‌లో కూడా ఆల్కహాల్ ఆనవాళ్లు ఉంటాయి.

నా మట్టుకు నేను పాటించేది ఒకటే: పిల్లలు తినే గిన్నె అయితే గంటల తరబడి ఉడికే వంటలోనే వైన్, లేకపోతే అసలు వద్దు. పదిహేను నిమిషాల సాస్‌లు, పొయ్యి ఎక్కని డెజర్ట్‌లు పెద్దవాళ్లకే.

కొందరి విషయంలో శాతాలతో పనిలేదు. గర్భిణులకు ఇంతవరకు ఫరవాలేదు అని తేల్చిన మోతాదు లేదు. తాగుడు మానేసి నిలదొక్కుకుంటున్నవాళ్లకు ఆ వాసనా రుచీ చాలు, మనసు మళ్లీ అటు లాగడానికి. మెట్రోనిడజోల్ (ఒక యాంటీబయాటిక్), డైసల్ఫిరామ్ (తాగుడు మానడానికి ఇచ్చేది) లాంటి మందులు వాడుతున్నవాళ్లకు ఆల్కహాల్ పడదు. మతపరంగా ముట్టనివాళ్ల దగ్గర "ఆవిరైపోయిందిగా" అని వాదించడం మర్యాద కాదు. ఇంకో సంగతి, శాకాహారులకు చాలామంది చెప్పనిది. వైన్‌ను తేటపరచడానికి గుడ్డు తెల్లసొన, పాల కేసిన్, జెలటిన్, చేప గాలితిత్తి నుంచి తీసే పదార్థం వాడుతుంటారు. లేబుల్ మీద వీగన్ (జంతువుల నుంచి వచ్చినదేదీ వాడనిది) అని ఉంటే ఆ బెంగ లేదు.

వీళ్లందరికీ వండేటప్పుడు కప్పు వైన్‌కు బదులు ముప్పావు కప్పు స్టాక్, పావు కప్పు చక్కెర కలపని దానిమ్మ లేదా నల్లద్రాక్ష రసం, ఒక చెంచా నిమ్మరసం వేయండి. రుచి అచ్చంగా అదే రాదు, కానీ పులుపూ వగరూ రంగూ వస్తాయి. ఆల్కహాల్ తీసేసిన వైన్‌లోనూ 0.5 శాతం దాకా ఉండొచ్చు, మానేసినవాళ్ల దగ్గర అది కూడా వద్దు.

సమస్య: తిన్నాక తలనొప్పి, ముఖం ఎర్రబడటం, ఆయాసం

అందరూ సల్ఫైట్ల మీదికే, అంటే వైన్ పాడవకుండా ఉంచే పదార్థాల మీదికే నెడతారు. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే అమెరికా, ఐరోపా సమాఖ్య దేశాల్లో లేబుల్ మీద రాయాల్సిందే. అవి కొందరు ఆస్తమా రోగులకు నిజంగానే ఊపిరాడకుండా చేస్తాయి. తలనొప్పి నేరం మాత్రం వాటి మీద అంత సులువుగా నిలవదు, ఎందుకంటే రెడ్‌లో కంటే వైట్ వైన్‌లో సల్ఫైట్లు సాధారణంగా ఎక్కువ. వైన్‌లో ఉండే హిస్టమైన్ అనే పదార్థం పడనివాళ్లూ ఉంటారు, ఉడికించినా అది పోదు. ద్రాక్షతొక్కలోని క్వెర్సెటిన్ శరీరంలో ఆల్కహాల్ విరుగుడును అడ్డుకుంటుందేమోనని 2023లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒక ప్రతిపాదన చేశారు. ముఖం ఎర్రబడటానికి ఎక్కువగా ఆల్కహాల్‌ను విరిచే ఒక ఎంజైమ్ లోపం కారణం, తూర్పు ఆసియా మూలాలున్నవారిలో ఇది మామూలు.

ఒకసారి ఇలా అయితే ఆ మనిషికి వైన్ లేకుండా వండటమే మార్గం, బ్రాండ్ మార్చి ప్రయోగాలు చేయకండి. ఆయాసం, పెదవుల వాపు, దద్దుర్లు కనిపిస్తే వెంటనే అత్యవసర వైద్యం.

సమస్య: గుండెకు మంచిదని రోజూ వంటలో పోస్తున్నాం

ఇక్కడ పాడైంది వంట కాదు, ఉద్దేశం. కొవ్వు బాగా తినే ఫ్రెంచివాళ్లకు గుండెజబ్బులు తక్కువెందుకన్న ప్రశ్నకు 1991లో అమెరికా టీవీ రెడ్ వైన్‌ను జవాబుగా చూపించాక ఈ మాట ఊరంతా పాకింది. తర్వాత లోపాలు బయటపడ్డాయి. పోల్చిన "తాగనివాళ్ల"లో జబ్బు చేసి మానేసినవాళ్లూ ఉన్నారు. మితంగా తాగేవాళ్లకు డబ్బూ, మంచి తిండీ కూడా ఎక్కువే. గుండెకు మేలు చేస్తుందని చెప్పే ద్రాక్షతొక్కలోని రెస్వెరాట్రాల్ అంటారా, లీటరు వైన్‌లో ఉండేది కొద్ది మిల్లీగ్రాములు, ప్రయోగాల్లో ఇచ్చేది వందల మిల్లీగ్రాములు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది 1988లోనే. ఏ మోతాదూ సురక్షితం కాదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మందులా చెంచాలు కొలిచి పోయడం ఆపండి. రుచి కోసం ఎప్పుడైనా వాడండి. గుండె కోసమైతే నల్లద్రాక్ష పళ్లు తింటే సరి.

సమస్య: చేదు, వగరు, లేదా ఉప్పు ఎక్కువ

వైన్ మరిగి చిక్కబడేకొద్దీ దానికి వగరునిచ్చే టానిన్లు కూడా చిక్కబడతాయి. తాగినప్పుడు నాలుకను బిగబట్టే వైన్ సాస్‌లో మూడింతలు బిగబడుతుంది. మెర్లో, పినో నువార్ లాంటి మెత్తని వైన్ రకాలు వాడండి. చేదెక్కాక చక్కెర వేయకండి, అప్పుడు చేదూ తీపీ రెండూ నోట్లో కొట్టుకుంటాయి. కొంచెం వెన్న, ఇంకాస్త స్టాక్, చిటికెడు ఉప్పు. ఉప్పే ఎక్కువైందంటే మీరు కొన్నది "కుకింగ్ వైన్" అయి ఉంటుంది, అందులో ముందే ఉప్పు కలిపి అమ్ముతారు.

సమస్య: రంగు చచ్చిపోయింది, నాణెం నాకినట్టు రుచి

ఇది నా చేతులారా చేసిందే. బాగా మసిబారిన పాత ఇనుప మూకుడులో రెండు గంటలు ఉడికిస్తే, ఎర్రగా నిగనిగలాడాల్సింది తారు కలిపిన బూడిదలా తేలింది. వైన్ ఆమ్లం ఇనుమునూ అల్యూమినియాన్నీ తినేస్తుంది. స్టీలు గిన్నె, లేదా ఎనామెల్ పూసింది వాడండి. మాంసం మెత్తబడాలని వంటసోడా వేసినా ఇంతే, వైన్ ఎరుపు ఆమ్లంలోనే నిలుస్తుంది, క్షారం తగిలితే నీలిబూడిదకు తిరుగుతుంది. క్రీమ్ విరిగితే అదీ ఆమ్లం పనే. పొయ్యి ఆపి, కాస్త చల్లారనిచ్చి, చిక్కటి క్రీమ్ వేయండి.

సమస్య: సగం సీసా మిగిలింది, వారానికే పుల్లబడింది

గాలి తగిలితే బాక్టీరియా దాన్ని వెనిగర్ చేస్తుంది. బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూణ్నాలుగు రోజులు ఆగుతుంది. ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించడం ఇంకా మేలు, నీళ్లంత గట్టిపడవు గానీ వంటకు సరిపోతాయి. ట్రే మీద పెద్దక్షరాలతో రాసి పైఅరలో పెట్టండి. ఎర్రటి గడ్డలు చూస్తే పిల్లలు జ్యూస్ అనుకుని గ్లాసులో వేసేసుకుంటారు.