ఆరోగ్య వార్తను లెక్కకట్టి చదవడం – 4వ పాఠం: చదువుకూ కీళ్లవాతానికీ మధ్య ఏముంది?

ముందు పోయిన పాఠం లెక్కకు జవాబు. ఒక జబ్బు 1000 మందిలో 5 మందికి వస్తోంది, ప్రమాదం 40 శాతం పెరిగింది, ఇప్పుడు ఎంతమందికి వస్తుంది అని అడిగాను. 5లో 40 శాతం అంటే 2. కాబట్టి 7 మంది. వెయ్యికి ఇద్దరు ఎక్కువ. "40 శాతం ఎక్కువ" అని హెడ్డింగ్ పెడితే గుండె గుభేలుమంటుంది, "వెయ్యికి ఇద్దరు" అంటే ఆగి ఆలోచిస్తాం. రెండూ నిజమే. రెండూ పక్కపక్కన రాసుకునే అలవాటు మాత్రం మానకండి.

ఆ 40 శాతాన్ని ఊరికే తీసుకోలేదు. స్వీడన్‌లో 1996లో ఈఐఆర్ఏ అనే పెద్ద అధ్యయనం మొదలైంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఈ పాఠంలో కీళ్లవాతం అంటున్నది దీన్నే) కొత్తగా బయటపడినవాళ్లను, అదే వయసులో అదే ప్రాంతంలో ఆ జబ్బు లేనివాళ్లను తీసుకుని పోల్చారు. 2005లో వచ్చిన ఫలితం ఇది: యూనివర్సిటీ డిగ్రీ లేనివాళ్లకు, ఉన్నవాళ్లతో పోలిస్తే, ప్రమాదం 1.4 రెట్లు, అంటే 40 శాతం ఎక్కువ. ఆ అంకె పక్కనే 1.2 నుంచి 1.8 అని ఇంకో రెండు అంకెలున్నాయి. అసలు విలువ ఆ మధ్యలో ఎక్కడో ఉండొచ్చని వాటి అర్థం. 1 రెట్టు అంటే తేడా లేనట్టే. ఆ పరిధిలో 1 లేదు కాబట్టి ఇది కేవలం యాదృచ్ఛికంగా వచ్చిన తేడా అనడం కష్టం. 2006లో డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనం కూడా అటే చూపింది. అక్కడ ఎక్కువ ఏళ్లు చదివినవాళ్లలో ప్రమాదం, తక్కువ చదివినవాళ్లతో పోలిస్తే దాదాపు సగం.

జబ్బు గురించి నాలుగు మాటలు. మన దగ్గర కీళ్లవాతం అనే మాట ప్రతి నొప్పికీ వాడేస్తాం. వయసు మీద పడ్డాక మోకాలి చిప్ప అరగడం వేరు, ఇది వేరు. ఇందులో ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మోకాళ్లకన్నా ముందు తరచు చేతివేళ్ల కణుపులు, మణికట్లు, కాలివేళ్ల మొదళ్లు రెండు పక్కలా వాస్తాయి. పొద్దున లేచాక అరగంట, గంట దాకా వేళ్లు ముడుచుకోవు. జొన్నరొట్టె తట్టడానికి కూర్చుంటే అరచెయ్యి చాపుకోదు, ఎండ పడ్డాక అదే చెయ్యి కొంచెం వదులవుతుంది. ఇలా ఆరు వారాలు దాటితే "వాతమే కదా" అని వదిలేయొద్దు, దవాఖానకు పోవాలి.

ఇక లెక్క. పెన్ను తీసుకోండి. ఇవి నేర్చుకోవడానికి నేను వేసిన అంకెలు, ఏ అధ్యయనంలోవీ కావు.

జబ్బు ఉన్నవాళ్లు 200 మంది. వాళ్లలో డిగ్రీ లేనివాళ్లు 150, ఉన్నవాళ్లు 50. 150ని 50తో భాగిస్తే 3.
జబ్బు లేనివాళ్లు 200 మంది. వాళ్లలో డిగ్రీ లేనివాళ్లు 120, ఉన్నవాళ్లు 80. 120ని 80తో భాగిస్తే 1.5.
ఇప్పుడు 3ని 1.5తో భాగించండి. 2 వస్తుంది.

రోగులను, రోగం లేనివాళ్లను పక్కపక్కన పెట్టి చేసే అధ్యయనంలో "ఇన్ని రెట్లు" అనే మాట పుట్టేది ఇక్కడే. జబ్బు అరుదుగా వచ్చేదైతే ఈ అంకె ప్రమాదం ఎన్ని రెట్లో దాదాపు సరిగ్గానే చెప్తుంది. చాలామంది విలేకరులు ఇక్కడే ఆగిపోయి "చదువు లేకపోతే రెట్టింపు ప్రమాదం" అని రాసేస్తారు. మనం ఆగకూడదు. అదే 400 మందిని పొగ తాగేవాళ్లు, తాగనివాళ్లు అని విడదీసి మళ్లీ లెక్కేద్దాం.

పొగ తాగేవాళ్లలో: రోగులు 140 మంది, అందులో డిగ్రీ లేనివాళ్లు 126, ఉన్నవాళ్లు 14. భాగిస్తే 9. రోగం లేనివాళ్లు 80 మంది, అందులో 72, 8. భాగిస్తే అదీ 9. తొమ్మిదిని తొమ్మిదితో భాగిస్తే 1.
తాగనివాళ్లలో: రోగులు 60 మంది, అందులో డిగ్రీ లేనివాళ్లు 24, ఉన్నవాళ్లు 36. రోగం లేనివాళ్లు 120 మంది, అందులో 48, 72. 24ని 36తో, 48ని 72తో భాగిస్తే రెండు చోట్లా మూడింట రెండు వంతులే. మళ్లీ 1.

చూశారా, రెట్టింపు ఎటు పోయిందో. మనం వేసుకున్న ఈ జనంలో డిగ్రీ లేనివాళ్లు పొగ ఎక్కువ తాగుతున్నారు, జబ్బు పొగను పట్టుకుని వస్తోంది. చదువు పక్కన నిలబడి ఉందంతే. దీన్ని చేత్తో ఒకసారి చేసి చూడండి. చదివి తల ఊపితే రాదు, ఈ భాగహారం వేళ్లలోకి దిగాలి.

అయితే స్వీడన్ అధ్యయనంలో కథ ఇంత సులువుగా తేలలేదు. పొగను లెక్కలోకి తీసుకున్నాక కూడా చదువుతో సంబంధం మాయం కాలేదు. పరిశోధకులు దాన్ని ఇంకా అంతుచిక్కని పరిసరాల, జీవనశైలి కారణాలకు వదిలారు. నాకు ఈ నిజాయితీ నచ్చుతుంది. తెలిసినంత చెప్పి ఆగారు.

చదువుకూ ఈ జబ్బుకూ మధ్యలో ఉండగలిగినవి కొన్ని మనకు తెలుసు. పొగ ఒకటి. రాతి దుమ్ము ఇంకొకటి: రాయి తొలిచే, కంకర కొట్టే పని చేసిన మగవాళ్లలో ఈ జబ్బు ప్రమాదం పెరిగిందని అదే స్వీడన్ అధ్యయనం చూపింది. చిగుళ్ల జబ్బుకూ దీనికీ సంబంధం కనిపించింది. బడి మానేసిన పిల్లవాడు ఏ పనికి పోతాడు, ఆ పనిలో ఏం పీలుస్తాడు అని అడిగితే చదువు నుంచి కీలు దాకా దారి కొంచెం కనిపిస్తుంది. కాల్వలు తవ్వడానికి, రాళ్లు కొట్టడానికి పాలమూరు లేబర్ దేశమంతా పోయిన చరిత్ర మనది. ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు.

కానీ 1.4ను ఎత్తుకొచ్చి మహబూబ్‌నగర్‌లో పెట్టకూడదు. స్వీడన్‌లో "డిగ్రీ లేనివాళ్లు" అంటే ఎక్కువమంది తొమ్మిదేళ్లో పన్నెండేళ్లో బడికి పోయినవాళ్లే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో అట్టడుగు. అక్కడి తక్కువ చదువు, ఇక్కడి తక్కువ చదువు ఒకటి కావు. పేరు ఒకటే అయినంత మాత్రాన కొలత ఒకటి కాదు.

ఇంకో గుంట ఉంది, ఇది మరీ లోతు. రేపు ఎవరైనా హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రి కీళ్ల విభాగంలో కూర్చుని, వచ్చిన రోగుల చదువు రాసుకున్నారనుకోండి. జబ్బు లేనివాళ్లను పల్లెల నుంచి తీసుకున్నారు. అప్పుడు రోగుల్లోనే డిగ్రీలు ఎక్కువ కనిపిస్తాయి. "చదువుకుంటే కీళ్లవాతం వస్తుంది" అని తేలుతుంది! నాగర్‌కర్నూల్ అవతల తండాలో నొప్పితో ఉన్న ఆమె ఆ ఆస్పత్రి మెట్టే ఎక్కలేదు. బస్సు చార్జీ, ఒకరోజు కూలి, తోడు వచ్చే మనిషి, ఇవన్నీ ఉంటేనే ఆమె రోగుల లిస్టులోకి వస్తుంది. అందుకే ఏ అధ్యయనం చదివినా రోగులను ఎక్కడి నుంచి తెచ్చారో ముందు వెతకండి. ఈ నాలుగు పాఠాల్లో ఒక్కటే గుర్తుంచుకుంటారంటే ఇదే గుర్తుంచుకోమంటాను.

నల్లగొండవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మర్రిగూడ, మునుగోడు వైపు తరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల వెన్నులు, మెడలు బిగుసుకుపోయాయి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు చాలా ఎక్కువున్న బోరునీళ్లను ఏళ్ల తరబడి తాగితే వచ్చేది ఎముకల ఫ్లోరోసిస్. అందులోనూ కీళ్లు నొప్పి పెడతాయి. "మీకు కీళ్ల నొప్పులున్నాయా?" అని ఇంటింటికీ పోయి అడిగి, అవునన్నవాళ్లందరినీ కీళ్లవాతం కింద రాసుకుంటే ఆ సర్వే పాడైనట్టే. ఫ్లోరైడ్ ఊళ్లలో పేదలు, చదువు లేనివాళ్లు కూడా ఎక్కువుంటే, చదువుకూ కీళ్లవాతానికీ లేని లంకె పుట్టుకొస్తుంది. వాచిన కీళ్లను చూడాలి, రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రక్తపరీక్షలు చూడాలి, ఎక్స్‌రే చూడాలి. రోగం పేరు ఎలా ఖాయం చేశారన్నది మీరు వెతకాల్సిన రెండో సంగతి.

ఇంకొకటి కూడా విడదీయాలి. జబ్బు రావడం ఒక ప్రశ్న, వచ్చాక ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. రెండోదాంట్లో చదువు పాత్ర నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఈ జబ్బుకు ముందుగా ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ముఖ్యం. దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద రాసింది చదవలేని మనిషికి ఆ "వారానికి" అన్న మాట ఎవరు చెప్తారు? ఆశా కార్యకర్తలు ఈ పాఠం చదువుతుంటే, మీ ఊళ్లో ఈ మందు వాడేవాళ్లు వారంలో ఏ రోజున వేసుకుంటున్నారో అడిగి, ఆ రోజు పేరు వాళ్ల నోటితో చెప్పించండి. నొప్పి తగ్గుతోందని ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ గోళీలు నెలల తరబడి మింగుతున్నవాళ్లు కనిపిస్తే, ఉన్నట్టుండి మానిపించకుండా డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

జబ్బు వచ్చిన మనిషితో మాత్రం "చదువుకోలేదు గనక వచ్చింది" అని ఎవరూ అనొద్దు. 1.4 అనేది గుంపుల లెక్క. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి జబ్బు ఎందుకొచ్చిందో అది చెప్పదు.

వచ్చే పాఠం దాకా లెక్క. ఒక సర్వేలో 100 మంది కీళ్లవాతం రోగులు, 100 మంది ఆ జబ్బు లేనివాళ్లు ఉన్నారు. బడికి పోనివాళ్లు రోగుల్లో 60, జబ్బు లేనివాళ్లలో 50. మొదట ఎన్ని రెట్లో కట్టండి. తర్వాత, రోగుల్లో ఆ 60 మందిలో 20 మందికి ఉన్నది నిజానికి ఫ్లోరోసిస్ అని తేలి, వాళ్లను లిస్టు నుంచి తీసేశారనుకుని మళ్లీ కట్టండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసి, మొదటిదానికి మీరైతే ఏం హెడ్డింగ్ పెట్టేవారో, రెండోదానికి ఏం పెడతారో రాసి ఉంచుకోండి.