పాటీ ట్రైనింగ్ మధ్యలో చెడిందా? ముందు రెంటికి సంగతి చూడండి

పాటీ (పిల్లలు ఒంటికీ రెంటికీ కూర్చునే చిన్న సీటు) కొనడం, వస్తే చెప్పడానికి మాటలు నేర్పడం, తడిపితే అరవకుండా నిక్కర్ మార్చడం మీకు తెలుసనుకుని రాస్తున్నాను. ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఆ తర్వాత ఏళ్ళ తరబడి డే కేర్‌లో పనిచేశాను. "నిన్నటిదాకా బాగానే చెప్పేది, ఇప్పుడు మళ్ళీ తడిపేస్తోంది" అని ఎవరు వచ్చినా నేను తిరిగి అడిగేది ఒకటే: చివరిసారి రెంటికి ఎప్పుడు వెళ్ళింది? గట్టిగా వెళ్ళిందా, మెత్తగా వెళ్ళిందా?

జవాబు ఉండదు. అమ్మ నాన్న వైపు చూస్తుంది. నాన్న "డే కేర్‌లో వెళ్ళి ఉంటుందిలే" అంటాడు. డే కేర్‌లో ఆయా "ఇంట్లోనే వెళ్ళి వస్తుందనుకున్నా మేడమ్" అంటుంది. ఇలా ఒకరి లెక్కలోది ఇంకొకరి లెక్కలో వేసుకునేసరికి నాలుగు రోజులు గడిచిపోయి ఉంటాయి. చెడిన చోటు చాలాసార్లు అదే. అయినా చిన్నవి ముందు చెప్పేస్తాను.

పొద్దున పొడిగా ఉండి సాయంత్రం తడుపుతుంటే

ఆటలో పడి మరిచిపోవడమే. "వస్తోందా?" అని అడిగితే ఏ పిల్లైనా "లేదు" అనే అంటుంది. అడగకండి, "పద, వెళ్ళొచ్చి ఆడుకుందాం" అని తీసుకెళ్ళండి. నిద్ర లేవగానే, తిన్నాక, బయటికి వెళ్ళేముందు, మధ్యలో రెండు గంటలకోసారి చాలు. పది నిమిషాలకోసారి లాక్కెళ్తే మొండికేస్తుంది.

ఇంట్లోంచి పనిచేసేవాళ్ళకు ఇంకో మాట. మీటింగ్‌లో ఉండి వేలు చూపించి "ఒక్క నిమిషం" అంటాం. రెండేళ్ళ పిల్ల దగ్గర ఆ నిమిషం ఉండదు. మీటింగ్‌కి ముందు ఓసారి తీసుకెళ్ళండి, పాటీని మీరు పనిచేసే గదిలోనే పెట్టుకోండి.

డే కేర్‌లో వెళ్తుంది, ఇంట్లో వెళ్ళదు

రెండు చోట్లా రెండు పద్ధతులు నడుస్తున్నాయన్నమాట. అక్కడ వాడే మాటే ఇంట్లోనూ వాడండి. బటన్లు, బెల్టులు వద్దు, పిల్ల తనే కిందికి లాక్కోగలిగే ఎలాస్టిక్ నిక్కర్లు వేయండి. పగలు డైపర్ వేయాలా వద్దా అన్నది ఇద్దరూ కలిసి ఒకటే నిర్ణయించుకోండి. ఆఫీసులో ఊపిరాడని వారంలో ఇది మొదలుపెట్టొద్దు.

ఒంటికి పాటీలో వెళ్తాడు, రెంటికి ససేమిరా అంటాడు. లేదా నిక్కర్‌కి ఊరికే మరకలు

నన్ను ముంచింది ఇదే. మా రెండోవాడికి మూడేళ్ళు. రోజుకు మూడు నాలుగుసార్లు నిక్కర్‌కి పల్చగా అంటుకునేది. విరేచనాలు అనుకుని పళ్ళు మానిపించాను. అదే సమయంలో ఒంటికి కూడా చాటుగా తడిపేస్తున్నాడని నీళ్ళు తగ్గించాను. "తెలిసే చేస్తున్నావా?" అని కసిరాను కూడా. పాపం, వాడికి నిజంగానే తెలియదు. డాక్టర్ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి "లోపలంతా గట్టిగా నిండిపోయి ఉందమ్మా" అన్నారు. నేను చేసినవన్నీ తిరగేసి చేసిన పనులే.

జరిగేది ఇది. ఎప్పుడో ఓసారి గట్టిగా వచ్చి నొప్పి పెడుతుంది. ఇక వెళ్ళకూడదని పిల్లవాడు బిగపడతాడు. ఆగినకొద్దీ అందులోని నీరు పేగు పీల్చేసుకుంటుంది, అది ఇంకా పెద్దగా, గట్టిగా తయారవుతుంది, ఈసారి నొప్పి ఇంకా ఎక్కువ. రోజులు గడిచేకొద్దీ పేగు చివర సాగిపోయి, నిండిందన్న కబురు పిల్లవాడికి సరిగా అందదు. పైనుంచి వచ్చే పల్చటిది ఆ ముద్ద పక్కనుంచి కారుతుంది. నిండిన పేగు ముందున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది కాబట్టి ఒంటికి కూడా కొంచెం కొంచెంగా, చెప్పకుండా పోతుంది. అంటే తడిసిన నిక్కర్, మరకల నిక్కర్, పాటీ అంటే భయం, మూడింటికీ మూలం ఒక్కటే.

గుర్తుపట్టడం ఎలా? తలుపు చాటుకో సోఫా వెనక్కో వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు మెలేసి, మొహం ఎర్రగా చేసుకుంటాడు. ముక్కుతున్నాడని మనం అనుకుంటాం. కాదు, ఆపుకుంటున్నాడు. వారానికి మూడుసార్లకన్నా తక్కువ వెళ్ళడం, వెళ్ళినప్పుడు ఈ వయసుకి ఇంతా అనిపించేంత పెద్దగా రావడం కూడా గుర్తులే. "రోజూ వెళ్తున్నాడుగా" అని ధీమా పడకండి. మావాడూ రోజూ వెళ్ళేవాడు, ఆ కారడమే నేను లెక్కలో వేసుకున్నాను.

సరిచేయాలంటే ముందు ట్రైనింగ్ ఆపండి. రెంటికి డైపర్ అడిగితే సిగ్గుపడకుండా ఇచ్చేయండి, ఆపుకోవడం కన్నా అది నయం. తర్వాత డాక్టర్‌కి చూపించి మెత్తబడే మందు రాయించుకోండి. సబ్బు ముక్కలు, ఎనిమాలు ఇంట్లో సొంతంగా ప్రయోగించొద్దు, ఉన్న భయం రెట్టింపవుతుంది. రెండుసార్లు మెత్తగా రాగానే మందు ఆపేయొద్దు కూడా. సాగిన పేగు మామూలు కావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నేను రెండు వారాలకే ఆపేసి మొత్తం మళ్ళీ మొదటినుంచి చేసుకొచ్చాను. మందు ఎప్పుడు తగ్గించాలో డాక్టర్‌నే చెప్పనివ్వండి. నీళ్ళు, పళ్ళు, కూరలు పెంచండి. పాలతోనే పొట్ట నింపుకునే పిల్లలకు పాలు కాస్త తగ్గించాల్సి రావచ్చు.

నొప్పి పోయాకే పాటీ. తిన్న తర్వాత పేగు కదులుతుంది కాబట్టి అరగంటలోపు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. పొద్దున ఆ అరగంట సరిగ్గా డే కేర్‌కి వెళ్ళే దారిలో గడిచిపోతుంది, పిల్లవాడు బండిలోనే బిగపడతాడు. ఉద్యోగస్తుల ఇళ్ళలో ఈ తిప్పలన్నీ మొదలయ్యేది చాలావరకు అక్కడే. పొద్దున కుదరకపోతే రాత్రి భోజనం తర్వాత పెట్టుకోండి. పెద్దల కమోడ్ మీద కూర్చోబెడితే కాళ్ళ కింద పీట తప్పనిసరి. కాళ్ళు గాల్లో వేలాడితే ముక్కడానికి పట్టు దొరకదు, మోకాళ్ళు నడుముకన్నా కొంచెం పైకి ఉండాలి. డైపర్ లేనిదే వెళ్ళనంటే డైపర్‌తోనే బాత్రూంలో నిలబడనివ్వండి, కొన్నాళ్ళకు డైపర్‌తోనే పాటీ మీద కూర్చోనివ్వండి, విప్పడం ఆఖర్న.

ఇంట్లోవాళ్ళకీ డే కేర్‌కీ కలిపి ఒక కాగితం పెట్టండి, లేదా వాట్సాప్ గ్రూపు. తేదీ, గట్టిగానా మెత్తగానా, చూసిందెవరు. ఎవరూ కళ్ళతో చూడకపోతే వెళ్ళనట్టే రాయండి.

మిగతావి

రాత్రి పక్క తడపడం ఐదేళ్ళదాకా మామూలే, కొందరికి ఆ తర్వాత కూడా. దానికి ట్రైనింగ్ పనిచేయదు, వదిలేయండి. తమ్ముడో చెల్లెలో పుట్టినా, డే కేర్ మారినా కొన్నాళ్ళు వెనక్కి వెళ్తారు, సర్దుకుంటారు. మంట, జ్వరం, ఒంటేలుకి గట్టి వాసన ఉంటే మూత్ర పరీక్ష చేయించండి. ఉన్నట్టుండి విపరీతమైన దాహం, ధారాళంగా ఒంటికి పోవడం, బరువు తగ్గడం కనిపిస్తే ఆ రోజే షుగర్ పరీక్ష చేయించాలి. నడక తేడాగా ఉన్నా, కాళ్ళలో పట్టు తగ్గినా, వాంతులతో పొట్ట ఉబ్బినా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి, ఆగకూడదు. వెళ్ళేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళండి, నేను అడిగిన ప్రశ్నే డాక్టరూ అడుగుతారు.