ఒకే డ్రెయిన్ మీదున్న ఊళ్లను ఒక్కటి చేయడం ఎలా?

అక్టోబరు ఆఖర్లో మూడు రోజులు ముసురు పట్టిందంటే మా ఊళ్లో సగం మంది డ్రెయిన్ (చేలలో మిగిలిన నీళ్లని బయటికి పంపే మురుగు కాలువ) వంతెన మీదే ఉంటారు. వంతెన స్తంభానికి పాత సున్నపు గీత ఒకటుంది. నీళ్లు ఆ గీత దాటాయంటే పల్లపు చేలలో సార్వా (వానాకాలపు) వరి పడుకున్నట్టే. నాలుగు రోజులు నీళ్లు లాగకపోతే కంకి మీదే గింజ మొలకెత్తుతుంది. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే (పంట వేయకుండా వదిలేయడం) ప్రకటించడానికి ధర, కూలి ఖర్చులతో పాటు ఈ ముంపు కూడా ఒక కారణం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ చేలోకి నీళ్లు తెచ్చుకోవడం మనకి బాగానే వచ్చు. బయటికి పంపడం దగ్గరే ఇప్పటికీ తంటా.

ఏ ఊరికా ఊరు అర్జీ పెట్టుకుంటుంది. ఒకవేళ పని మంజూరైనా, మన పరిధిలో రెండు కిలోమీటర్లు తవ్వి కింది ఊళ్లో పూడిక అలాగే వదిలేస్తే మిగిలేది పొడుగాటి చెరువే. అన్ని చోట్లకీ ఒకే కొలత పెట్టకుండా, చోటు తీరును బట్టి, అక్కడి వాళ్లతో కలిసి అభివృద్ధి పనులు రూపొందించాలని 2009లో ఫాబ్రిజియో బార్కా యూరోపియన్ కమిషన్ కోసం రాసిన నివేదిక వాదించింది. గోదావరి డెల్టాలో ఆ చోటు ఊరు కాదు, డ్రెయిన్. అందుకే మొదటి పని అక్కడ మొదలవుతుంది.

ముందు డ్రెయిన్ వెంట నడవండి

మీ ఊరి నీళ్లు ఏ డ్రెయిన్‌లో కలుస్తాయి, అది ఎన్ని పంచాయతీలు దాటుతుంది, గోదావరి పాయలో కలుస్తుందా, సముద్రంలోనా అన్నది రాసుకోండి. మ్యాపు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి ఆఫీసులో దీనికి ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి గడువు 30 రోజులు.

మేం చేసిన తప్పు కూడా చెబుతాను. జలవనరుల శాఖలో పంట కాలువలు చూసేవాళ్లు వేరు, డ్రెయిన్లు చూసేవాళ్లు వేరు. మొదటి అర్జీ కాలువల వాళ్లకిచ్చి మూడు నెలలు తిరిగాం. చివరికి ‘ఇది మాది కాదండి’ అన్నారు.

తర్వాత నడక. ఊరికి ఇద్దరు చొప్పున, ఎగువ నుంచి దిగువ దాకా గట్టు మీదే నడవాలి. బండి మీద వెళితే సగం కనపడవు. గుర్రపుడెక్క ఎక్కడ మందంగా ఉంది, వంతెన కింద తూము ఎంత వెడల్పు, ఎవరు అడ్డంగా వలకట్టు వేశారు, చేపల చెరువు నుంచి గొట్టం ఎక్కడ దించారు, గట్టు ఎక్కడ కోసుకుపోయింది... ఫోనుతో ఫొటో తీసి, పక్కనే సర్వే నంబరు రాయండి. నడిచేవాళ్లలో 1996 నవంబరు తుపాను చూసిన పెద్దాయన ఒకరుంటే మంచిది. అప్పట్లో నీళ్లు ఎటు లాగాయో ఆయనకి తెలుసు.

సముద్రం దగ్గరి ఊళ్లయితే రెండుసార్లు వెళ్లాలి, పోటు మీద ఒకసారి, పాటు మీద ఒకసారి. పాటులో బాగానే కనిపించే స్లూయిజ్ (డ్రెయిన్ నీటిని ఆపి వదిలే కట్టడం) తలుపు పోటులో ఉప్పునీటిని లోపలికి వదులుతుంటుంది. మొగ (సముద్రంలో కలిసే చోటు) పూడుకుపోయిందా అన్నదీ అప్పుడే తేలుతుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ పక్కన ఉప్పునీటికి మోడుబారిన కొబ్బరి తోటలు చూసినవాళ్లకి ఈ నడక విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఎవరెవరిని కూర్చోబెట్టాలి?

అసలు కష్టమంతా ఇక్కడే.

చేతికందేది నీటి వినియోగదారుల సంఘం. 1997 చట్టం ప్రకారం ఏర్పడినవి, 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు కూడా జరిగాయి. కానీ అందులో సభ్యత్వం భూమి హక్కుదారులకీ, రికార్డుకెక్కిన కౌలుదారుకీ. మన దగ్గర చేలో దిగేది ఎక్కువగా నోటిమాట కౌలు రైతు. ముంపు నష్టం అతనిది, సంఘంలో ఓటు హైదరాబాదులో ఉన్న ఆసామిది. కాబట్టి సంఘం ఒక్కటే చాలదు. కౌలు రైతులు, చేపల చెరువుల యజమానులు, డ్రెయిన్‌లో చేపలు పట్టుకునేవాళ్లు, డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు అందరూ ఉండాలి. ఏ పేటలో నీళ్లు ఇళ్లలోకొస్తాయో, ఏ బోరు ఉప్పబారిందో ఆడవాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

చెరువుల వాళ్లని మొదటి మీటింగులోనే దోషుల్లా నిలబెడితే రెండో మీటింగుకి రారు. నిజానికి వర్షాలకి గట్టు తెగితే ఎక్కువ టెన్షన్ వాళ్లకే. అక్కడి నుంచి మాట మొదలుపెట్టండి.

యూరప్‌లో 1991లో మొదలైన లీడర్ అనే గ్రామీణ కార్యక్రమంలో ఇలాంటి స్థానిక బృందాలకి ఒక నియమం పెట్టారు. ప్రభుత్వం వైపువాళ్లకి గానీ, ఏ ఒక్క వర్గానికి గానీ సగానికి మించి ఓట్లు ఉండకూడదు. మనం కాగితం మీద రాసుకోకపోయినా పాటించాల్సిన నియమమే. మీటింగు ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. ఎవరి అరుగు మీద కూర్చుంటే ఏ పేటవాళ్లు రారో ప్రతి ఊళ్లోనూ అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. బడి ఆవరణ అన్నిటికన్నా నయం.

ఒకే తీర్మానం, అన్ని గ్రామసభల్లో

డ్రెయిన్ మీదున్న పంచాయతీలన్నీ అక్షరం మారకుండా ఒకే తీర్మానం చేయాలి. అయిదు ఊళ్లు అయిదు రకాలుగా రాస్తే ఆఫీసులో అయిదు ఫైళ్లవుతాయి. పంచాయతీలు కలిసి ఉమ్మడి కమిటీ వేసుకోవడానికి 1994 పంచాయతీరాజ్ చట్టమే వీలిచ్చింది. వాడుకునేవాళ్లు తక్కువ. అక్టోబరు 2 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల తయారీ మొదలవుతుంది, అప్పుడే అందులో ఎక్కించండి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక, కాలువలకి మళ్లీ నీళ్లు వదిలే లోపు దొరికే వేసవి రోజులే తవ్వకానికి అదను. సంక్రాంతి నాటికి అంచనాలు తయారుగా లేకపోతే ఆ ఏడాది వదులుకోవాల్సిందే.

డబ్బు

పెద్ద డ్రెయిన్ తవ్వకం రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సిందే, చందాలతో అయ్యేది కాదు. చిన్న పనులకి మాత్రం తలో చోట అడగాలి. కూలీలు చేయగల బోదెల (చిన్న కాలువల) పూడిక ఉపాధి హామీలో పెట్టించండి. పంచాయతీలకొచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో కొంత భాగం తాగునీరు, పారిశుధ్యానికే ముడిపెడతారు (2021-26కి 15వ ఆర్థిక సంఘం పెట్టింది 60 శాతం), ఊరి మురుగు పని అందులో ఇముడుతుందేమో కార్యదర్శిని అడగండి. ఎంపీకి ఏటా 5 కోట్ల నిధి ఉంటుంది. చమురు, గ్యాస్ బావులున్న మండలాలైతే కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత నిధి) ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల సగటులో 2 శాతం, అందులోనూ తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలి. వాళ్లని ‘మా ప్రాంతాన్ని అభివృద్ధి చేయండి’ అని అడగొద్దు. ఫలానా స్లూయిజ్‌కి రెండు తలుపులు, ఇంత ఖర్చు అని అడగండి.

ఎవరు ఏం చేస్తారో ఒక్క పేజీలో రాసి సంతకాలు పెట్టించండి. ముఖ్యంగా గుర్రపుడెక్క సంగతి. తీసేసిన ఏడాదికల్లా మళ్లీ అల్లుకుంటుంది. మేం డ్రెయిన్‌ని ఊరికింతని ముక్కలు చేసి పంచుకున్నాం. మొదటి ఏడాది ఒక ఊరు ఎగ్గొట్టింది. రెండో ఏడాది వాళ్ల ముక్క ఫొటో తీసి అందరి వాట్సాప్ గ్రూపులో పెట్టాం.

ఫలితం కొలవడానికి పెద్ద లెక్కలక్కర్లేదు, వాన ఆగాక చేలో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయో రాస్తే చాలు. మా వంతెన స్తంభం మీద పాత సున్నపు గీత కింద ఇప్పుడు ఇంకో మూడు గీతలున్నాయి, పక్కన తేదీలతో. గీసేది వంతెన పక్క టీ కొట్టాయన. రంగు డబ్బా మేం కొనిస్తాం.