నాటకం ఫొటోల్లో మొహాలు పాలిపోకుండా

విశాఖ కళాభారతిలోనో, సిరిపురం గురజాడ కళాక్షేత్రంలోనో మనవాళ్ల నాటకం మొదటిసారి ఫొటోలు తీస్తున్నారా? ఫ్లాష్ ఆపేయండి, నటుల కళ్లలో కొడుతుంది. వెనక నల్ల తెర ఉంటే కెమెరా సీనంతా చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది; మేకప్ వేసిన మొహాలు సున్నం కొట్టినట్టు వస్తాయి. స్పాట్ మీటరింగ్ (ఒక్క చోటి వెలుగునే కొలిచే పద్ధతి) పెట్టి మొహం మీదే కొలవండి, లేదా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించండి, అంటే వెలుగు సగం చేయండి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 1600, షట్టర్ 1/200 సెకనుతో మొదలుపెట్టండి. ఎల్ఈడీ లైట్ల చారలు పడితే 1/100కి దిగండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, దానిమీద లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుతాయి. పద్యనాటకమైతే రాగం తీసేటప్పుడు నొక్కకండి, నోరు తెరిచే ఉంటుంది. పద్యం ముగించి ఊపిరి పీల్చుకునే ఆ ఒక్క క్షణం కోసం కాచుకోండి. భావమంతా అప్పుడే మొహంలో నిలుస్తుంది, నాకు నచ్చిన ఫొటోలన్నీ అక్కడివే. ముందురోజు రిహార్సల్‌కి వెళ్తే ఆ చోట్లు ముందే తెలుస్తాయి.